దుబాసి విన్న మాట

నూట పన్నెండో రోజు

మా కాగితాలు రాసిపెట్టే తిలోత్తమ గారు ఈ పుస్తకం ఇచ్చి, ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టుకోమన్నారు. విచారణలో రోజులు తడబడితే అబద్ధమనుకుంటారట. నేను చదివింది నాలుగో తరగతి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఒక్కోసారి గుర్తురాదు. అయినా రాస్తాను. రాయకపోతే ఏమవుతుందోనని అదో భయం.

నా పేరు మసేనమ్మ. మా కోడలు వీరకాంతం. మొగలంక నుంచి ఈ గాలిమిట్ట మీదికి వచ్చి ఇవాళ్టికి నూట పన్నెండు రోజులు. వచ్చిన రోజే మణికట్టుకి ఆకుపచ్చ పట్టీలు వేశారు. ఆ పట్టీని ఇక్కడ నీడ అంటారు. అది ఆకుపచ్చగా ఉన్నంతకాలం మమ్మల్ని కిందికి పంపకూడదు. తెల్లబడితే పంపేస్తారు. నిద్రలేవగానే ముందు నా పట్టీ చూసుకుంటాను, తర్వాత కాంతం దుప్పటి తీసి దానిది చూస్తాను. కాంతం తిడుతుంది. తిట్టనీ.

ఇక్కడివాళ్ళ భాష మాకు రాదు, మాది వాళ్ళకి రాదు. మధ్యలో దుబాసి ఉంటుంది. అరచెయ్యంత పెట్టె. మనం మాట్లాడితే వాళ్ళ భాషలో చెబుతుంది, వాళ్ళు మాట్లాడితే మన భాషలో చెబుతుంది. వార్తలు చదివే గొంతు. విసుగుండదు, జాలీ ఉండదు.

పొద్దున్న మంచు వలలు దులిపాం. మిట్ట అంచున నిలువుగా కట్టిన వలలవి. మబ్బు వాటిలోంచి దూరి పోతుంటే నీళ్ళు పట్టుకుని తొట్టెల్లోకి జారతాయి. ఊరంతా తాగేది ఆ నీళ్ళే. వల చిరిగితే మా లంకవాళ్ళనే పిలుస్తారు, అంత సన్నంగా ఇంకెవరూ అల్లలేరు. పని బాగానే ఉంది. భయమల్లా అక్కడ నిలబడితే కిందున్నది కనబడుతుందని. సముద్రం కుళ్ళిన దగ్గర్నుంచి దాని మీద లేచే పసుపుగాలి. మమ్మల్ని పైకి తెచ్చిన తీగబండికి దారి పొడవునా ఇనప స్తంభాలున్నాయి. మేము వచ్చినప్పుడు పదకొండు కనిపించేవి. ఇవాళ తొమ్మిదే, మిగతావి పసుపులో మునిగాయి.

మా అబ్బాయి ఆ గాలి పీల్చే పోయాడు. కాంతం ఊపిరితిత్తుల్లో సగం పోయింది. ఇంకొన్నాళ్ళు అది పీలిస్తే మనిషి దక్కదని ఇక్కడి డాక్టరు బొమ్మ తీసి మరీ చూపించాడు.

తొమ్మిది రోజుల కిందట మా విచారణ జరిగింది. ఊరు పేరడిగారు, చెప్పాను. ఎందుకు వచ్చారన్నారు, చెప్పాను. ఎలా బయల్దేరారన్నారు, ఉన్నదున్నట్టు చెప్పాను. దణ్ణం పెట్టి బయటికొచ్చాం. అప్పటినుంచి ఏదో తప్పు మాట దొర్లిందని గుండె పీకుతూనే ఉంది.

"నిజం సెప్పిందానికే ఇంత దడేంటత్తా నీకు?" అంది కాంతం. "అబద్దమాడుంటే ఈపాటికి నీ దినం బోయినాలు తినేవోళ్ళం."

నూట పదహారో రోజు

సత్యవతి వదిన వాళ్ళ గది ఖాళీ అయింది.

మా వరసలో నాలుగో గది ఆమెది. పొద్దున్న మొహం కడుక్కుంటుంటే కేక వినబడింది. వెళ్ళేసరికి వదిన గుమ్మంలో కూర్చుని మణికట్టు కొంగుతో రుద్దుతోంది. పట్టీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"బియ్యం కడిగిన నీళ్ళు పడ్డాయేమో వదినా," అంది నాతో. "కడిగితే పోద్దేమో సూడు."

నేనూ రుద్దాను. ఇద్దరం రుద్దాం. పోలేదు.

మధ్యాహ్నానికల్లా ఇద్దరు బంట్రోతులు దుబాసి పట్టుకుని వచ్చారు. "మీకు రక్షణ అవసరం లేదని తేలింది. మీరు చూపిన సహకారానికి ధన్యవాదాలు" అంది దుబాసి. సహకారమేమిటో వదినకి తెలియలేదు. తీగబండి ఎక్కేముందు మా అందరి చేతులూ పట్టుకుని, ఎప్పటిలా చెప్పాల్సింది చెప్పి వెళ్ళింది. స్తంభాలు ఒక్కొక్కటే దాటి బండి పసుపులోకి దిగిపోయింది. కాంతం జోకు వెయ్యలేదు. కాంతం జోకు వెయ్యకపోతే నాకు మరీ భయం.

నూట ఇరవయ్యో రోజు

ఇంకో రెండు గదులు ఖాళీ. రెండూ లంకవాళ్ళవే. దక్షిణాన ఎండిపోయిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మా వెనక వరసల్లో ఉంటారు. వాళ్ళలో ఒక్కరి పట్టీ కూడా తెల్లబడలేదు. మా వాళ్ళే. మా వాళ్ళే ఎందుకు?

ఆలోచించినకొద్దీ అన్నీ తప్పుల్లాగే కనిపిస్తున్నాయి. గంజిలో ఉప్పు ఎక్కువడుగుతామనా? మాట్లాడితే గట్టిగా అరిచినట్టుంటుందనా? వలలు దులిపేటప్పుడు గంగమ్మ తల్లి పేరు పలుకుతామనా? కాంతంతో అన్నాను, ఇకమీదట ఉప్పు అడక్కు అని.

"ఉప్పు మానేత్తే నీడిత్తారంటే కారం కూడా మానేత్తాను. నువ్వు నా దుప్పటి పీకడం మానెయ్యి ముందు."

అని నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఇవాళ స్తంభాలు ఎనిమిది.

నూట ఇరవై నాలుగో రోజు

తెల్లబడింది. నాదీ, దానిదీ. ఇద్దరిదీ ఒకటే కాగితం కాబట్టి రెండూ ఒకేసారి తెల్లబడ్డాయి.

తిలోత్తమ గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆవిడ ఈ మిట్టవాళ్ళే గానీ, వాళ్ళ అమ్మమ్మది మా కోస్తా కాబట్టి మా భాష వచ్చు. పైవాళ్ళ తరఫున కాదు, మా తరఫున కాగితాలు రాసిపెడతారు. కార్యాలయం నుంచి మా విచారణ నకలు తెచ్చి చదివారు. నేను చెప్పిన మాటలు దుబాసి పైవాళ్ళ భాషలోకి మార్చి రాసినవి. వాటిని ఆవిడ మళ్ళీ మన భాషలోకి మార్చి చెప్పారు.

"దరఖాస్తుదారు స్వస్థలానికి తిరిగి వెళ్ళే ఉద్దేశం తనకున్నట్టు మూడుసార్లు స్వయంగా వెల్లడించింది. కాబట్టి అక్కడ ఆమెకు ప్రాణభయం ఉన్నట్టు భావించలేము."

"నేనెప్పుడన్నానమ్మా?" అన్నాను. "సచ్చినా అననే!"

"చూద్దాం ఉండండి మామ్మగారూ." వేలితో వరసలు వెతికారు. "ఇదిగో. ఎలా బయల్దేరారని అడిగినప్పుడు. 'ఇంటికి తాళమేసి, గడపకి దణ్ణం పెట్టి, మేము వెళ్ళి తిరిగి వస్తాము అని చెప్పాను.'"

"అవును, ఎల్లొత్తామమ్మా అన్నాను. గడపకి సెప్పకుండా వత్తామా?"

"రెండోది. కొడుకు సమాధి దగ్గర, 'వెళ్ళి తిరిగి వస్తాను నాయనా' అన్నారు."

"అన్నాను."

"మూడోది..." తిలోత్తమ గారు పుట తిప్పారు. "విచారణ అయిపోయాక గుమ్మం దగ్గర నిలబడి అధికారితో, 'నేను వెళ్ళి తిరిగి వస్తాను' అన్నారు. ఇక్కడికీ ఊరికీ రాకపోకలు సాగిస్తున్నట్టు తానే ఒప్పుకుందని రాశారు."

గదిలో మా వరసవాళ్ళంతా చేరి ఉన్నారు. అందరికీ ఒకేసారి అర్థమైంది. సత్యవతి వదిన అన్నది, ఆ రెండు గదులవాళ్ళూ అన్నది, మా లంకలో పుట్టిన ప్రతి మనిషీ ఏ గుమ్మం దిగినా అనేది.

"ఎల్లొత్తామంటే ఎల్తామనే కదమ్మా," అన్నాను. "ఉట్టినే పోతామని ఎవరంటారు? పోయేది సచ్చినోళ్ళు."

"నాకు తెలుసు మామ్మగారూ. మా అమ్మమ్మ కూడా అనేది. ఇన్నేళ్ళుగా వింటున్నాను కాబట్టే నా చెవికి తగల్లేదు." ఆవిడ కళ్ళలో నీళ్ళు. "వీళ్ళకి అలాంటి మాట లేదు. వెళ్ళేటప్పుడు ఏమీ అనరు. లేచి వెళ్ళిపోతారు, అంతే."

అదీ నిజమే. వచ్చిన కొత్తలో, ఇక్కడివాళ్ళు చెప్పాపెట్టకుండా లేచిపోతుంటే మా మీద కోపమేమో అనుకునేదాన్ని.

"మరి మీరెళ్ళి సెప్పండమ్మా, అది ఉత్త మాటని."

"చెప్పనివ్వరు. దుబాసి మార్చినదాన్ని మనిషి దిద్దకూడదని ఇక్కడి చట్టం. మనుషులైతే తమవాళ్ళ వైపు మొగ్గుతారని. అప్పీలు మాత్రం పెట్టొచ్చు, తొమ్మిది రోజులు గడువుంది. మళ్ళీ మీరే, మళ్ళీ దుబాసికే చెప్పాలి."

"ఐతే ఇంకేం," అంది కాంతం గోడకి ఆనుకుని. "మా అత్త నోరు దానికీ, దాని నోరు మా అత్తకీ. పెళ్ళి సెయ్యండి ఇద్దరికీ."

నూట ఇరవై అయిదో రోజు

ఇవాళంతా వరసలో మాటలు నేర్చుకున్నాం. కాదు, మాట మరిచిపోవడం నేర్చుకున్నాం. ఒకరి గదికి ఒకరు వెళ్ళి, మళ్ళీ బయటికి రావడం. గుమ్మం దాకా బాగానే వస్తాం. అక్కడ కాళ్ళు ఆగిపోతాయి. చెప్పకుండా వెనుదిరగాలంటే ఆ ఇంటివాళ్ళ చావు కోరినట్టుంటుంది. నేనైతే కాంతం ముందు గుమ్మంలో నిలబడి నిలబడి, ఆఖరికి తుమ్మి బయటికి వచ్చాను.

ఏసుదాసుకి ఒక ఉపాయం తోచింది. అతను మా ఊళ్ళో పడవలు బాగుచేసేవాడు, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఫోను పెట్టేసేటప్పుడు ఏమంటాం? ఉంటానండి అంటాం కదా. అదే అందాం. ఉంటానంటే ఉంటాననే రాసుకుద్ది ఆ పెట్టె. మనక్కావల్సిందీ అదే కదా!"

అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం దాకా వరసంతా అదే మాట. ఉంటాను వదినా, ఉంటాను పిన్నీ, ఉంటానండి. ఎంత మంచి మాట. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఒక ముద్ద ఎక్కువ తిన్నాను. తిన్నాక మళ్ళీ భయమేసింది, ఇంత సుళువుగా దొరికిందేమిటా అని.

నూట ఇరవై తొమ్మిదో రోజు

నిన్న ఏసుదాసు విచారణ. ఇవాళ పొద్దున్న పట్టీ తెల్లబడింది.

తిలోత్తమ గారు తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: "దరఖాస్తుదారు గాలిమిట్టలో ఉండిపోతానని నిష్క్రమణ సమయంలో ప్రకటించాడు. ఈ రక్షణ తాత్కాలికమైనది. శాశ్వతంగా స్థిరపడే ఉద్దేశం గలవారు దీనికి అనర్హులు."

ఏసుదాసు నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు.

"వత్తానంటే పొమ్మన్నాడు. ఉంటానన్నా పొమ్మన్నాడు. మరేమనాలక్కా ఈళ్ళతో?"

తీగబండి దగ్గరికి అందరం వెళ్ళాం. ఎవరమూ ఏమీ అనలేదు. అతనూ అనలేదు. తలుపు మూసుకున్నాక అద్దంలోంచి అతని నోరు కదలడం చూశాను. ఏ మాటో తెలియలేదు. ఆ బండిలో కూడా దుబాసి ఉంటుందేమో, అక్కడైనా అతను నోరు మూసుకుంటే బాగుండుననుకున్నాను. పంపేస్తున్నవాడికి ఇంకేం భయమని తర్వాత అనిపించింది.

కాంతం రోజూ రెండు పూటలా రక్తం ఉమ్ముతోంది. నాకు తెలియకూడదని కాలితో మట్టి కప్పుతుంది.

నూట ముప్ఫయ్యో రోజు

కాంతం వలల దగ్గరికి వెళ్ళాక తిలోత్తమ గారిని ఒక్కటే అడిగాను. మా కాగితంలో తప్పు మాటలన్నీ ఎవరివి అని.

"మీవే మామ్మగారూ. వీరకాంతం గారు దగ్గుతూనే ఉన్నారు కదా, అవును కాదు తప్ప ఇంకేమీ అన్లేదు."

"ఐతే దాని మీద మచ్చ లేదా?"

"లేదు. కానీ కాగితం మీ పేరున ఉంది, ఇంటి పెద్దగా. పెద్ద కాగితం పోతే అందరిదీ పోతుంది."

"పెద్దే నాకొద్దని తప్పుకుంటే?"

ఆవిడ నా మొహం చూశారు. మళ్ళీ మళ్ళీ అడిగితే చెప్పారు. పెద్ద తనంతట తాను కిందికి వెళ్తానని విచారణలో ఒప్పుకుంటే, ఆ కాగితం ఓడినట్టు కాదు, మూసేసినట్టు. మిగిలినవాళ్ళకి కొత్త కాగితం తెరుస్తారు. ఊపిరితిత్తుల బొమ్మ ఉంది కాబట్టి కాంతానికి నీడ రావచ్చు.

"అప్పీలు గెలవొచ్చు కూడా," అన్నారు. "అలా ఆలోచించకండి."

ఆలోచించకుండా నేను ఏ రోజున్నాను? ఇవాళ స్తంభాలు ఏడు.

నూట ముప్ఫై మూడో రోజు

పొద్దున్న పది గంటలకి అప్పీలు. నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. అధికారి మా కాంతం వయసు ఆడమనిషి. ముందు మంచినీళ్ళు ఇచ్చింది. మా వలల నీళ్ళే అవి.

ముందు గెలవాలనే చూశాను. దుబాసికి నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను.

"సూడమ్మా. ఎల్లొత్తానంటే మళ్ళీ వత్తానని కాదు. అది మర్యాద. ఎల్తాననే."

దుబాసి అధికారితో ఏదో చెప్పింది. అధికారి నుదురు ముడిపడింది. ఆమె అడిగింది దుబాసి నాకు చెప్పింది:

"తిరిగి వస్తాను అనే మాటకు తిరిగి రాను అని అర్థమని మీరు చెబుతున్నారు. ఇది పరస్పర విరుద్ధం. మీ వాంగ్మూలంలో ఇంకా ఏయే మాటలకు వ్యతిరేకార్థం తీసుకోవాలి?"

"ఏ మాటకీ లేదమ్మా, ఆ ఒక్కదానికే..."

"మీ కొడుకు మరణించాడన్న మాటకు కూడా వ్యతిరేకార్థం ఉందా?"

అధికారి కావాలని అనలేదు. ఆమె కళ్ళు చూస్తే తెలుస్తుంది, ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇంకో మాట చెబితే ఇంకోటి చెడుతుంది. నేను ఎంత మాట్లాడితే కాంతం అంత కిందికి జారుతుంది. అది అప్పుడు తెలిసింది నాకు.

"ఇక వద్దమ్మా," అన్నాను. "నేను పోతాను."

దుబాసి వెంటనే మార్చలేదు. మొదటిసారి అది ఆగడం చూశాను.

"మీరు వాడిన పదానికి రెండు అర్థాలున్నాయి. వెళతారా? మరణిస్తారా? స్పష్టం చేయండి."

"అక్కడికైతే రెండూ ఒకటే."

"ఒక సమాధానం మాత్రమే నమోదు చేయగలను."

అధికారి నన్ను చూస్తోంది. ఆ పెట్టె ఏమడిగిందో ఆమెకి తెలియదు. నేనేమన్నానో కూడా తెలియదు. రెండోది రాసుకోమంటే ప్రాణభయం ఉందని తేలుతుందేమో, ఇద్దరికీ నీడ వస్తుందేమో అని ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ ఆ పెట్టె దాన్ని ఇంకెలా తిప్పుతుందో ఎవరికి తెలుసు? చచ్చిపోతానని బెదిరించిందని రాస్తే? నా ఆశ మీద కాంతం ఊపిరి పెట్టలేను.

"వెళతానని రాసుకో," అన్నాను. "నా ఇష్టంతోనే వెళతానని."

అది మాత్రం తప్పు లేకుండా మార్చినట్టుంది. అధికారి ముద్ర వేసింది.

నూట ముప్ఫై అయిదో రోజు

కాంతానికి నిన్న సాయంత్రం వచ్చింది. ఏడాది నీడ, దాని పేరున, విడి కాగితం. విచారణలో అవును, కాదు తప్ప ఏమీ అనవద్దని, లేచాక తల కూడా ఊపకుండా వచ్చెయ్యమని తిలోత్తమ గారు చెప్పి పంపారు. అలాగే చేసిందట. పట్టీ లేతాకులా ఉంది.

నాతో మాత్రం నిన్నంతా మాట్లాడలేదు. ఇవాళ పొద్దున్న గంజి నా ముందు ధబాలున పెట్టింది.

"ఎవర్నడిగి సేశావే?"

అది నన్నెప్పుడూ ఒసే, ఏమే అని పిలవలేదు.

"ఈగ వాల్తే భయం. ఈదిలో కుక్క మొరిగితే భయం. ఇలాంటిదానికి మాత్రం భయమెయ్యలేదా నీకు?"

"వేసింది."

"వేత్తే మరి?"

గంజి తాగాను. ఉప్పు ఎక్కువేసింది.

ఇప్పుడు తీగబండి దగ్గర బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. బండికి ఇంకా కాస్త టైముంది. ఈ పుస్తకం కాంతానికి ఇచ్చేస్తాను. ఏడాది తర్వాత దాని నీడ మళ్ళీ చూస్తారు, అప్పుడు కావాలి. కాంతం, ఇవి గుర్తుపెట్టుకో. మబ్బు రాని రోజు వలల దగ్గరికి వెళ్ళకు, పసుపు పైకి ఎగదన్నేది ఆ రోజే. రక్తం పడితే మట్టి కప్పకు, డాక్టరుకి చూపించు, అదే నీకు సాక్ష్యం. తిలోత్తమ గారి గుమ్మం దిగేటప్పుడు కూడా నోరు జారకు, ఆవిడ మంచిదే గానీ పక్కన ఏ పెట్టె ఉంటుందో తెలియదు. స్తంభాలు లెక్కపెట్టు. నాలుగుకి వస్తే ఇంకా పైన ఏ ఊరుందో కనుక్కో.

ఇక్కడి స్తంభానికి కూడా ఒక దుబాసి తగిలించి ఉంది. అందుకే కాంతాన్ని రావద్దన్నాను. వచ్చింది. కొంగు ఉండచుట్టి, మాట జారకుండా నోట్లో కుక్కుకుని వచ్చింది. నా ఎదురుగా నిలబడింది. దగ్గు వస్తుంటే ఆ గుడ్డలోకే దగ్గింది.

గంట కొట్టారు, బండి తలుపు తీసేలోపు ఈ రెండు ముక్కలు. కింద గాలి వడగట్టి పీల్చడానికని తిలోత్తమ గారు ఇచ్చిన మూతిగుడ్డ నా చేతిలోంచి లాక్కుంది కాంతం. నా మొహానికి అదే కట్టింది, వెనక రెండు ముళ్ళు వేసింది. చాలా బిగించింది. ఊపిరాడడం లేదు. వదులు చెయ్యమని అడగలేదు.